కేంద్ర కార్మిక శాఖ పరిణామ క్రమం : నల్లగొండ, పాలమూరు శ్రామికుల అనుభవం

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• కేంద్ర ప్రభుత్వంలో కార్మిక శాఖ ఎప్పుడు, ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
• బ్రిటిష్ ఇండియా, హైదరాబాదు సంస్థానాల్లో శ్రామికుల స్థితిలోని తేడాను గుర్తించగలుగుతారు.
• వెట్టిచాకిరి రద్దు చట్టం, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రధానాంశాలను చెప్పగలుగుతారు.
• చట్టంలో ఉన్న హక్కు శ్రామికుడి చేతికి ఎందుకు అందలేదో విశ్లేషించగలుగుతారు.

1.1 పరిచయం

సంపర్క తరగతుల్లో నాకు తరచు ఒక ప్రశ్న ఎదురయ్యేది. "సార్, మా ఊరి మేస్త్రీ కాంట్రాక్టరా, కూలీనా?" అడిగేవాళ్లలో మేస్త్రీ గుంపుతో వెళ్లి మట్టి మోసి వచ్చిన వాళ్లుండేవారు, తల్లిదండ్రులు వలస పోతే అవ్వ దగ్గర పెరిగిన వాళ్లుండేవారు. మేస్త్రీ కూడా తట్ట పట్టినవాడే. గుంపుతోపాటే గుడిసెలో పడుకుంటాడు. కాని అడ్వాన్సు ఇచ్చేదీ, చివర లెక్క చూసేదీ అతడే. అందువల్ల ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అయితే చట్టం జవాబు చెప్పవలసిందే. ఎందుకంటే మేస్త్రీ కాంట్రాక్టరయితే అతడికి లైసెన్సు ఉండాలి, అతడి మనుషుల పేర్లు ఒక రిజిస్టరులో ఉండాలి. అతడు కూలీ మాత్రమే అయితే బాధ్యత పైనున్న సంస్థది అవుతుంది. ఎవరిదీ కాకపోతే ఆ శ్రామికుడు ప్రభుత్వ లెక్కలో లేనట్లే.

కార్మిక శాఖ చరిత్రను సాధారణంగా చట్టాల పట్టికగా చదువుతాం. ఈ భాగంలో మరో దారిలో చదువుదాం. ప్రతి దశలోనూ ఒకే ప్రశ్న వేసుకుందాం: ఈ శాఖ దృష్టిలో 'కార్మికుడు' ఎవరు? నల్లగొండ జీతగాడు, పాలమూరు మట్టిపని మనిషి ఆ మాట పరిధిలోకి ఎప్పుడు వచ్చారు?

1.2 శాఖ ఆవిర్భావం : 1919–1937

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరవాత 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. భారతదేశం దాని వ్యవస్థాపక సభ్యదేశాల్లో ఒకటి. అంతర్జాతీయ సమావేశాల్లో పని గంటల గురించి, బాల కార్మికుల గురించి తీర్మానాలు జరిగినప్పుడు వాటికి సమాధానం చెప్పే యంత్రాంగం ప్రభుత్వానికి అవసరమైంది. మరోవైపు బొంబాయి, కలకత్తా, మద్రాసు వంటి నగరాల్లో మిల్లు కార్మికుల సమ్మెలు పెరిగాయి. 1926లో కార్మిక సంఘాల చట్టం వచ్చింది.

1923లో భారత ప్రభుత్వంలో పరిశ్రమలు, కార్మిక వ్యవహారాలు కలిపి ఒక శాఖగా ఏర్పడ్డాయి. పేరులో పరిశ్రమ ముందు, కార్మికుడు తరవాత ఉండటం గమనించండి. 1929లో జాన్ హెన్రీ విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ నియమితమై 1931లో నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వేల్లో పనిచేసేవారి జీవన పరిస్థితులను ఈ కమిషన్ విస్తృతంగా పరిశీలించింది. తరవాతి దశాబ్దాల చట్టాలకు ఈ నివేదికే చాలావరకు పునాది.

1937 నవంబరులో పరిశ్రమలు–కార్మిక శాఖను విడదీసి రవాణా, తపాలా వంటి విషయాలకు కమ్యూనికేషన్ల శాఖను, కార్మిక విషయాలకు కార్మిక శాఖను ఏర్పాటు చేశారు. కేంద్రంలో కార్మికుడి పేరుతో ప్రత్యేక శాఖ ఏర్పడటం ఇదే మొదలు. అయినప్పటికీ నీటిపారుదల, ప్రజాపనులు, గనులు వంటివి కూడా దీని కిందనే ఉండేవి.

ఈ దశలో రెండు పరిమితులు కనిపిస్తాయి. మొదటిది, విట్లీ కమిషన్ పరిశీలనలో వ్యవసాయ కూలీ లేడు. రెండవది, దాని పరిధి బ్రిటిష్ ఇండియా మాత్రమే, సంస్థానాలు లేవు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్నాయి. అక్కడి శ్రామికుల్లో అధికులు పొలం మీద ఆధారపడినవారు. అంటే ఈ రెండు జిల్లాల మనిషి రెండు విధాలుగా ఆ శాఖ చూపుకు వెలుపల ఉండిపోయాడు.

1.3 డాక్టర్ అంబేద్కర్ కాలం : 1942–1946

1942 జూలైలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడుగా బాధ్యతలు స్వీకరించారు. 1946 మధ్య వరకు ఆ పదవిలో ఉన్నారు. ఈ నాలుగు సంవత్సరాల్లో శాఖ స్వరూపం మారింది. ముఖ్యాంశాలు ఇవి:

(అ) ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే చోట కూర్చుని చర్చించే త్రైపాక్షిక విధానం 1942లో స్థిరపడింది. భారత కార్మిక సమావేశం, స్థాయీ కార్మిక సంఘం దీని రెండు అంగాలు.

(ఆ) కార్మికుల స్థితిగతుల పరిశీలనకు 1944లో డి.వి. రేగే అధ్యక్షతన కార్మిక పరిశోధక సంఘం ఏర్పడింది.

(ఇ) 1945లో కేంద్ర ప్రధాన కార్మిక కమిషనర్ యంత్రాంగం, ఉపాధి కల్పన కార్యాలయాల వ్యవస్థ ఏర్పడ్డాయి.

(ఈ) 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం వారానికి పని గంటలను 54 నుంచి 48కి తగ్గించింది.

(ఉ) 1946లో కార్మిక గణాంకాల కోసం లేబర్ బ్యూరో, అభ్రకం గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు అభ్రకం గనులు ఈ చట్టం కిందకు వచ్చాయి.

(ఊ) కనీస వేతనాల బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు. ఇది 1948లో చట్టమయింది.

చివరి అంశం మనకు అన్నిటికంటె ముఖ్యమైనది. కనీస వేతనాల చట్టం అనుబంధంలోని రెండవ భాగంలో 'వ్యవసాయం' చేరింది. మిల్లు గేటు దాటి శాఖ చూపు పొలం గట్టు మీదికి రావడం ఇక్కడ మొదలయింది. 1946లోనే కార్మిక శాఖను రెండుగా చేసి పనులు, గనులు, విద్యుత్తు వేరే శాఖకు ఇచ్చారు. కార్మిక శాఖకు కార్మిక విషయాలే మిగిలాయి.

1.4 హైదరాబాదు సంస్థానం : వెట్టి, భగేలా

ఢిల్లీలో ఈ మార్పులు జరుగుతున్న కాలంలో నల్లగొండ జిల్లా గ్రామాల్లో పరిస్థితి ఏమిటి? దొరకు, అధికారికి ప్రతిఫలం లేకుండా సేవ చేయటమే వెట్టి. కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, గొల్ల గొర్రెను ఇవ్వాలి. ఊరికి అధికారి వస్తే సామాను మోయాలి. ఇది కులాన్ని బట్టి పంచిన నిర్బంధం.

భగేలా దీనికి భిన్నం. ఇందులో మూలం అప్పు. పెళ్లికో, చావుకో, కరువుకో తీసుకున్న కొద్దిపాటి అప్పుకు బదులు మనిషి తన శ్రమను తాకట్టు పెట్టేవాడు. వడ్డీ లెక్క దొర దగ్గర ఉంటుంది. చదువురాని భగేలాకు అది ఎప్పుడు తీరుతుందో తెలియదు. తండ్రి అప్పు కొడుకు మీదికి వచ్చేది. భగేలా ఒప్పందాలను నియంత్రించడానికి హైదరాబాదు ప్రభుత్వం 1943లో ఒక శాసనం చేసింది. కాని దాన్ని అమలు చేయవలసిన గ్రామాధికారులు దొరలకు లోబడినవారో, స్వయంగా దొరలో అయినందువల్ల అది గ్రామాల్లోకి దిగలేదు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆరంభమైన ఆంధ్ర మహాసభ 1944 భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి నాయకత్వంలో సామాన్య రైతు, కూలీల సంఘంగా మారింది. ప్రతాపరెడ్డి పాలమూరు జిల్లావారు, నారాయణరెడ్డి నల్లగొండ జిల్లావారు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించాడు. అక్కడినుంచి ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. శాసనం వచ్చి మూడేళ్లయినా కదలని వెట్టి, సంఘం పెట్టిన ఊళ్లలో నెలల్లో ఆగిపోయింది. శాసనం వృథా అని దీని అర్థం కాదు. శాసనాన్ని పట్టుకుని అడిగే మనుషులు ఊళ్లో ఉండాలని దీని అర్థం. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. 1979 చట్టం దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. కేంద్రంలో ప్రత్యేక కార్మిక శాఖ ఎప్పుడు ఏర్పడింది?
2. వెట్టికీ భగేలాకూ గల ముఖ్యమైన తేడా ఏమిటి?

1.5 స్వాతంత్ర్యానంతరం : రాజ్యాంగం, మంత్రిత్వ శాఖ

1947లో కార్మిక శాఖ మంత్రిత్వ శాఖ అయింది. తొలి మంత్రి జగ్జీవన్ రామ్. పారిశ్రామిక వివాదాల చట్టం (1947), కనీస వేతనాల చట్టం, ఫ్యాక్టరీల చట్టం, ఉద్యోగుల రాజ్య బీమా చట్టం (1948), భవిష్య నిధి చట్టం (1952) వెంటవెంటనే వచ్చాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణ ద్వారా వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. 43వ అధికరణ జీవనయోగ్యమైన వేతనాన్ని ఆదేశసూత్రంగా పేర్కొంది.

అధికార విభజన కూడా ఇక్కడే తెలుసుకోవాలి. కార్మిక సంఘాలు, పారిశ్రామిక వివాదాలు, సాంఘిక భద్రత, కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలోని 22, 23, 24 అంశాలు. వీటి మీద కేంద్రమూ, రాష్ట్రమూ చట్టం చేయవచ్చు. రైల్వేలు, గనులు, బ్యాంకుల వంటి వాటిని ప్రధానంగా కేంద్ర ప్రధాన కార్మిక కమిషనర్ యంత్రాంగం చూస్తుంది. ఇటుక బట్టీ, రైసు మిల్లు, పొలం పని, సామాన్య నిర్మాణ పనులు రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి. కాబట్టి చాలా చట్టాలు ఢిల్లీలో పుట్టి, జిల్లాలోని సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అమలు కావాలి.

ఈ మంత్రిత్వ శాఖకు తెలుగువారి సంబంధం గట్టిది. వి.వి. గిరి 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నారు. వివాదాన్ని ప్రభుత్వ తీర్పుకు వదిలేయకుండా యజమాని, సంఘం ఎదురెదురుగా కూర్చుని పరిష్కరించుకోవాలన్నది ఆయన మార్గం. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో రాజీనామా చేశారు. తరవాత రాష్ట్రపతి అయ్యారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. దామోదరం సంజీవయ్య 1964–66 మధ్య, తిరిగి 1970–71లో ఈ శాఖను నిర్వహించారు. 1965 బోనస్ చెల్లింపు చట్టం, 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ఆయన కాలంలో వచ్చాయి.

1950–51లో మంత్రిత్వ శాఖ తొలి అఖిల భారత వ్యవసాయ కార్మిక విచారణ జరిపింది. ఫ్యాక్టరీల లెక్కకు అలవాటు పడిన శాఖ పల్లె కూలీని లెక్కపెట్టే ప్రయత్నం చేయడం విశేషమే. అయితే లెక్కపెట్టడం వేరు, వేతనం ఇప్పించడం వేరు.

1.6 పల్లె వైపు చూపు : 1970వ దశకం

1.6.1 వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం, 1976

1975 జూలై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో వెట్టిచాకిరి రద్దు ఒకటి. అదే అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. దీని ముఖ్యాంశాలు:
• చాకిరి చేయవలసిన బాధ్యతతో పాటు, దానికి మూలమైన అప్పు కూడా రద్దవుతుంది.
• అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసిన భారం అప్పు ఇచ్చినవాడి మీదనే ఉంటుంది.
• అమలు బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుది. జిల్లా, డివిజను స్థాయిలో నిఘా సంఘాలు ఉండాలి.
• వెట్టి చేయించుకుంటే మూడేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా.

తెలంగాణ పల్లెల్లో 'జీతగాడు' అనే మాట వినే ఉంటారు. ఏడాదికింత అని మాట్లాడుకుని దొర ఇంట్లో, పొలంలో రాత్రింబవళ్లు పనిచేసే మనిషి అతడు. జీతం అన్న మాట ఉన్నందున అది ఉద్యోగంలాగా వినిపిస్తుంది. కాని ముందుగా తీసుకున్న డబ్బు తీరేవరకు వదిలి వెళ్లే స్వేచ్ఛ లేకపోతే చట్టం దృష్టిలో అది వెట్టి. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ ఈ చట్టాన్ని జీతగాళ్ల గడప వరకు తీసుకువెళ్లడానికి చేసిన కృషి ప్రసిద్ధమైనది.

ఎందరు వెట్టివాళ్లున్నారన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను పోల్చి చూడండి. గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి 1978–79లో పది రాష్ట్రాల్లో చేసిన సర్వే సుమారు 26 లక్షల మంది అన్నది. జాతీయ నమూనా సర్వే సంస్థ అంచనా పదహారు రాష్ట్రాల్లో కలిపి సుమారు 3.45 లక్షలే. ఒకే దశకంలో, ఒకే దేశంలో ఇంత తేడా రావడానికి కారణం నిర్వచనంలోనూ, ఎవరిని ఎలా అడిగారన్నదానిలోనూ ఉంటుంది. దొర చావడిలో కూర్చుని అడిగితే జీతగాడు ఒక జవాబు చెబుతాడు. విడిగా అడిగితే మరో జవాబు చెబుతాడు.

విముక్తి పొందినవారికి 1978 నుంచి కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించి 4,000 రూపాయల వరకు పునరావాస సాయం ఇచ్చాయి. 2016 పథకంలో అది వయోజన పురుషుడికి లక్ష రూపాయలు, స్త్రీలు, పిల్లలకు రెండు లక్షలు, అతి దారుణమైన సందర్భాల్లో మూడు లక్షలకు పెరిగింది.

1.6.2 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 1979

కృష్ణా, తుంగభద్ర నదులు పాలమూరు అంచునే పారినా జిల్లాలోని చల్క భూములకు చాలాకాలం నీరు రాలేదు. వాన తక్కువ, దాని రాక అనిశ్చితం. నల్లగొండలో దేవరకొండ ప్రాంతానిదీ ఇదే కథ. మర్రిగూడ, మునుగోడు వైపు నీటిలో ఫ్లోరైడు మనిషి ఎముకనే పట్టుకుంది. ఈ పరిస్థితుల్లో గడ్డపార, పార, తట్ట పట్టుకుని కాలువలు, ఆనకట్టలు, సొరంగాల పనికి వెళ్లడం జీవనాధారమయింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ వంటి రాతి ఆనకట్ట వేలాది చేతుల మీద లేచింది. వాటిలో పాలమూరు చేతులు ఎన్నో. 'పాలమూరు లేబర్' అన్నది క్రమంగా దేశమంతటా కాంట్రాక్టర్ల నోట ఒక పనివాడి రకానికి పేరయింది. నీళ్లు లేని ఊరి మనిషి ఇతరుల నీళ్లకు దారి తవ్వాడు.

గుంపు పద్ధతి ఇలా సాగుతుంది. పెద్ద కాంట్రాక్టరు గుంపు మేస్త్రీకి డబ్బు ఇస్తాడు. మేస్త్రీ ఊళ్లో ఇంటింటికీ అడ్వాన్సు పంచి, ఇద్దరు ముగ్గురు పనిచేసేవాళ్లున్న కుటుంబాలను కట్టుకుంటాడు. పని చోట వారానికి తిండి ఖర్చులు మాత్రమే ఇస్తాడు. అసలు లెక్క సీజను చివర. అడ్వాన్సు, ప్రయాణం, బియ్యం, మందులు అన్నీ తీసివేసిన తరవాత మిగిలితే చేతికి. మిగలకపోతే వచ్చే ఏటికి బాకీ.

ఒడిశాలో 'దాదన్' పేరుతో ఇటువంటి పద్ధతే ఉండేది. 1976లో కార్మిక మంత్రుల సమావేశంలో ఆ సమస్య చర్చకు వచ్చింది. ఫలితంగా 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చి 1980 అక్టోబరు 2 నుంచి అమలయింది. ఐదుగురు, అంతకు మించి వలస కార్మికులున్న సంస్థలకు, కాంట్రాక్టర్లకు ఇది వర్తించేది. ఇందులోని హక్కులు:
• ఫొటో ఉన్న పాసుపుస్తకం, అందులో వేతనం, పని వివరాలు.
• స్థానిక కార్మికుడితో సమాన వేతనం.
• స్థానభ్రంశ భత్యం: నెల వేతనంలో సగం లేదా 75 రూపాయలు, వీటిలో ఏది ఎక్కువయితే అది. ఇది తిరిగి ఇవ్వనక్కరలేదు, వేతనంలో కోయరాదు.
• రానుపోను ప్రయాణ భత్యం, ప్రయాణ దినాలకు వేతనం.
• నివాసం, ఉచిత వైద్యం. ప్రమాదం జరిగితే రెండు రాష్ట్రాల అధికారులకు, బంధువులకు సమాచారం.
• కాంట్రాక్టరు ఇచ్చిన అప్పు పని కాలం ముగిసేసరికి మిగిలి ఉండరాదు. మిగిలితే రద్దయినట్లే.

1.7 ఒక ఉదాహరణ

పై అంశాలను అర్థం చేసుకోవడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. నారాయణపేట ప్రాంతానికి చెందిన భార్యాభర్తలు మహారాష్ట్రలో కాలువ పనికి వెళ్లారు. ఒక్కొక్కరి నెల వేతనం 12,000 రూపాయలని అనుకుందాం. 1979 చట్టం ప్రకారం బయలుదేరేటప్పుడు ఒక్కొక్కరికి 6,000 రూపాయలు, ఇద్దరికీ 12,000 రూపాయలు స్థానభ్రంశ భత్యం రావలసి ఉండేది. బస్సు చార్జీలు వేరు. ఈ డబ్బు వాళ్లది, అప్పు కాదు.

వాస్తవంలో ఏం జరుగుతుంది? అదే రోజున మేస్త్రీ వాళ్లకు 12,000 రూపాయలు అడ్వాన్సు ఇస్తాడు. మొత్తం అదే, ఇచ్చే రోజు అదే. కాని చట్టం ఇచ్చేది హక్కు, మేస్త్రీ ఇచ్చేది బాకీ. ఇల్లు విడిచే ఘడియలోనే మనిషికి డబ్బు అవసరమని చట్టం రాసినవారూ గుర్తించారు, మేస్త్రీ కూడా గుర్తించాడు. మేస్త్రీ డబ్బు ఇంటికి వచ్చింది, చట్టం డబ్బు రాలేదు. కారణాలు మూడు:

మొదటిది, లైసెన్సు. ఆ చట్టం ప్రకారం కూలీలను తీసుకువెళ్లే రాష్ట్రంలోనూ, పని చేయించే రాష్ట్రంలోనూ లైసెన్సు ఉండవలసింది. ఊరి మేస్త్రీకి అది ఉండదు. పెద్ద కాంట్రాక్టరు కాగితం మీద మేస్త్రీ పేరు ఉండదు.

రెండవది, నిర్వచనం. కాంట్రాక్టరు ద్వారా మరో రాష్ట్రానికి వెళ్లినవారే ఈ చట్టం పరిధిలోకి వచ్చేవారు. సొంతంగా బస్సెక్కి అడ్డా మీద నిలబడినవారు వచ్చేవారు కారు. రాష్ట్రం లోపలి వలస కూడా వచ్చేది కాదు. 2014 జూన్ 2కు ముందు పాలమూరు కూలీ కర్నూలు జిల్లాలో పనిచేస్తే ఈ చట్టం వర్తించేది కాదు. ఆ తేదీ తరవాత అదే మనిషి, అదే నది దాటి, అదే పనికి వెళ్తే అంతర్రాష్ట్ర వలస కార్మికుడవుతాడు.

మూడవది, అడిగేవారు. పని చోట భాష రాదు, సంఘం లేదు, వచ్చే ఏడు మళ్లీ ఈ మేస్త్రీ దగ్గరికే పోవాలి. 1943 శాసనం గురించి మనం చెప్పుకున్నది ఇక్కడ సరిపోతుంది.

1.8 న్యాయస్థానాల పాత్ర

1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో జరిగిన నిర్మాణాల్లో కూలీలకు కనీస వేతనం అందటం లేదని ప్రజాస్వామిక హక్కుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒక కీలక సూత్రం చెప్పింది. కొట్టి చేయించేది మాత్రమే నిర్బంధం కాదు. ఆకలి కూడా నిర్బంధమే. కాబట్టి కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవటం 23వ అధికరణ కింద బలవంతపు చాకిరి అవుతుంది. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో మరో అడుగు వేసింది. నిర్బంధ శ్రమ ఉన్నట్లు కనిపిస్తే, అది అడ్వాన్సు వల్లనే వచ్చిందని భావించాలని, కాదని నిరూపించే భారం యజమానిదని చెప్పింది. మేస్త్రీ అడ్వాన్సును చట్టం కళ్లతో చూడటానికి ఈ రెండు తీర్పులు ఆధారం.

1.9 ఇటీవలి మార్పులు

1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. నిర్మాణ వ్యయం మీద సెస్సు వసూలు చేసి సంక్షేమ మండలి ద్వారా ఖర్చు చేయటం దీని పద్ధతి. 18–60 ఏళ్ల వయసులో, గత ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు నమోదుకు అర్హులు. ఏడాదికి మూడు రాష్ట్రాలు తిరిగే పాలమూరు కుటుంబానికి ఈ 90 రోజులను ధ్రువీకరించేవారెవరన్నదే చిక్కు.

2006 ఫిబ్రవరిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలయిన తొలి 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. దీన్ని నిర్వహించింది కార్మిక శాఖ కాదు, గ్రామీణాభివృద్ధి శాఖ. శ్రామికుడి బతుకును ప్రభావితం చేసే పెద్ద కార్యక్రమం కార్మిక శాఖ వెలుపల ఉండటం గమనించదగినది.

2020 మే 1న కరోనా లాక్‌డౌన్ మధ్య వలస కార్మికులతో దేశంలో తొలి ప్రత్యేక రైలు హైదరాబాదు దగ్గరి లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఒకప్పుడు కూలీలను పంపిన ప్రాంతమే ఇప్పుడు ఇతర రాష్ట్రాల కూలీలకు గమ్యం కూడా అయిందని ఆ రైలు చూపింది. అదే ఏడాది సెప్టెంబరులో వలస కార్మికుల మరణాల వివరాలు తమ వద్ద లేవని మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తెలిపింది. పాసుపుస్తకం, రిజిస్టరు అడిగిన 1979 చట్టం అమలయి ఉంటే లెక్క కొంతయినా ఉండేది. 2021 ఆగస్టు 26న అసంఘటిత కార్మికుల నమోదుకు ఇ-శ్రమ్ పోర్టల్ ప్రారంభమయింది.

29 కేంద్ర చట్టాలను నాలుగు కోడ్‌లుగా మార్చారు. వేతనాల కోడ్ 2019లో, మిగిలిన మూడు 2020లో ఆమోదం పొందాయి. 2025 నవంబరు 21 నుంచి ఇవి అమలులోకి వచ్చినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 1979 చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసింది. సొంతంగా వెళ్లినవారిని కూడా వలస కార్మికులుగా గుర్తించటం ఇందులో మంచి మార్పు. కాని వర్తింపు సంఖ్య ఐదు నుంచి పదికి పెరిగింది. స్థానభ్రంశ భత్యం తొలగింది. మన ఉదాహరణలోని కుటుంబానికి నిర్వచనంలో చోటు దొరికింది. బయలుదేరే రోజు రావలసిన డబ్బు మాత్రం చట్టం నుంచే పోయింది. వెట్టిచాకిరి రద్దు చట్టం ఈ 29లో లేదు. అది విడిగా కొనసాగుతున్నది.

1.10 సారాంశం

1937లో ప్రత్యేక శాఖగా ఏర్పడిన కేంద్ర కార్మిక యంత్రాంగం మొదట ఫ్యాక్టరీ, గని, తోటలకే పరిమితం. అంబేద్కర్ కాలంలో త్రైపాక్షిక చర్చ, గణాంకాలు, కనీస వేతనం ప్రాతిపదికలయ్యాయి. సంస్థానంలోని నల్లగొండ, పాలమూరు ప్రజలకు వెట్టి నుంచి విముక్తి ముందు ఉద్యమం ద్వారా, తరవాత రాజ్యాంగం ద్వారా వచ్చింది. 1976, 1979 చట్టాలు జీతగాడిని, వలస కూలీని శాఖ పరిధిలోకి తెచ్చాయి. అయితే లైసెన్సు, నిర్వచనం, అడిగే శక్తి అనే మూడు చోట్ల హక్కు ఆగిపోయింది.

పరిచయంలోని ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. మనుషులను కూడగట్టి, అడ్వాన్సు ఇచ్చి, పనికి పంపేవాడు తాను తట్ట మోసినా చట్టం దృష్టిలో కాంట్రాక్టరో, అతడి ఏజెంటో అవుతాడు. అతడు చెల్లించకపోతే చెల్లించవలసిన బాధ్యత ప్రధాన యజమానిది. మీ ఊరినుంచి గుంపు బయలుదేరినప్పుడు ఆ ప్రధాన యజమాని పేరు, పని చోటు, మాట్లాడుకున్న వేతనం ఒక కాగితం మీద రాయించండి. చదువుకున్న మీరు చేయగల పని అది. లెక్క వచ్చినప్పుడు ఆ కాగితమే సాక్ష్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. స్థానభ్రంశ భత్యానికీ అడ్వాన్సుకూ తేడా ఏమిటి?
2. కనీస వేతనం ఇవ్వకపోవడాన్ని సుప్రీంకోర్టు ఏ అధికరణ కిందకు తెచ్చింది?

1.11 సమాధానాలు

మీ ప్రగతి – 1: (1) 1937 నవంబరులో. (2) వెట్టి కులాన్ని, అధికారాన్ని బట్టి వచ్చే ఉచిత సేవ. భగేలా అప్పుకు బదులు చేసే చాకిరి.
మీ ప్రగతి – 2: (1) భత్యం తిరిగి ఇవ్వనక్కరలేని హక్కు, అడ్వాన్సు వేతనంలో కోతపడే బాకీ. (2) 23వ అధికరణ.

1.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ముప్పై పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1942–46 మధ్య కేంద్ర కార్మిక శాఖలో వచ్చిన మార్పులను వివరించండి.
2. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పాలమూరు కూలీలకు పూర్తిగా అందకపోవడానికి కారణాలను విశ్లేషించండి.

II. పదిహేను పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టంలోని ముఖ్యాంశాలు.
2. కార్మిక విషయాల్లో కేంద్ర, రాష్ట్రాల అధికార విభజన.
3. మీ గ్రామం నుంచి వలస వెళ్లిన ఒక కుటుంబంతో మాట్లాడి, వారి అడ్వాన్సు, కోతలు, చివరి లెక్కను ఒక పట్టికగా రాయండి. వారికి చట్టప్రకారం రావలసినదానితో పోల్చండి.